పసుపు పోయినా ఆగని చేతుల కడుగుడు

"అవ్వా, చెప్పులు వంకరగుంటె నేను ఊకోనే. సక్కగ పెట్టేదాంక నాకు మనసున పట్టది. నాకు గూడ ఓసీడీ అచ్చినట్టుంది, ఇగ ఇంట్ల పనులన్ని నువ్వే చెయ్యాలె!"

నవ్వకు పోరీ. చెప్పులు సదురుకునుడు రోగమైతదా? నీది పనిదొంగతనం. గా మాట ఊరికె నోట్లెకెల్లి తియ్యకు. మీ చిన్నమ్మ, నా చిన్నకోడలు పద్మకు గా రోగం అచ్చినప్పుడు నువ్వు హాస్టల్ల ఉంటివి, నీకు దెల్వది. ఇటు కూసో.

మన నందిపేట్ల పసుపు ఉడకబెట్టే రోజులు. ఇంట్ల అందరి చేతులు పచ్చగనే ఉంటయి గద. పద్మ కడుగుతనే ఉంటుండె. పసుపు పోతలేదేమో అనుకున్నం. బోధన్‌కెల్లి మా చెల్లె లచ్చవ్వ అచ్చి, "అక్కా, మా కోడలు చెరుకు జిగట చేతులతోనే అన్నం తింటది, నీ కోడలు ఎంత సుభ్రమే!" అన్నది. లచ్చవ్వ మాత్రం ఏమన్న తక్కువనా, అది... సరే తియ్, దాని ముచ్చట ఇప్పుడెందుకు.

పసుపంత నిజామాబాద్ మార్కెట్‌కు పాయె. మా చేతులు మామూలుగైనయి. ఆమె కడుగుడు ఆగకపాయె. తోలు పలిగి నెత్తురొస్తుండె. తన సంటి పిలగానియి ఉతికిన బట్టలే మల్ల ఉతుకుడు. "అత్తమ్మా, నా చేతులకు పురుగుల మందు అంటలేదు గద?" అని అడుగుడు. మీ చిన్నాయిన చేన్ల మందు కొట్టొస్తడు గద, గదీ భయం. "లేదు బిడ్డా" అంటె జరసేపు నిమ్మలంగుండి, మల్ల గదే అడుగుడు.

ఒకనాడు పొద్దుగాల పిలగాడు ఉయ్యాలల పాలకు గుక్కపట్టి ఏడుస్తుండు. మొఖం కమిలిపోయింది. పద్మ నల్లా నీళ్ల కింద చేతులు కడుగుతనే ఉన్నది. "ఎత్తుకోవే, వాని పానం పోతది!" అని ఒర్రిన.

"నేను ముట్టుకుంటెనే పోతది అత్తమ్మా" అన్నది, చేతులు రుద్దుకుంటనే.

పిచ్చి లేసిందా అనుకున్న. కాదు, ఆగు, ఎనుక ఏమన్నదో ఇను: "చేతులకేం లేదని నాకు ఎర్కనే. అయినా మనసు ఊకుంటలేదు. పొమ్మంటె పోతలేదు." గంతల నేనే చెంచతోని పాలు తాగిచ్చిన.

వాడకట్టోళ్లు గాలి సోకిందన్నరు, తాయెత్తన్నరు. ఏం లేదని తనకే ఎర్కున్నదానికి గాలేందని, నేను బస్సెక్కిచ్చిన. నిజామాబాద్‌ల తోలు డాక్టర్ చేతులు సూసి, మనసు డాక్టర్ కాడికి తోలిండు. ఆ మనసు డాక్టర్, ఇది సుభ్రం గాదమ్మా, ఓసీడీ అనే రోగం, తిట్టద్దన్నడు. గోలీలిచ్చిండు. కడగకుంట ఓర్సుకునుడు మెల్లగ నేర్సుకోవాలె అన్నడు. ఇంకోటి, ఆమె అడిగినప్పుడల్ల నేను "ఏం లేదు" అని చెప్పుడు గూడ తగ్గియ్యాల్నట, చెప్పినకొద్ది అడుగుడు పెరుగుతదట. గది నాతోని ఎట్లైతది, నువ్వే చెప్పు?

కొన్ని నెలలకు పిలగాడు మల్ల గట్లనే ఏడ్వవట్టె. పద్మ నా మొఖం దిక్కు సూసింది. "అత్తమ్మా..." అన్నది. నేను పండ్లు కర్సుకోని, కొంగు గట్టిగ పట్టుకోని నిలవడ్డ. ఆమె నల్లా దిక్కు అడుగేసింది. జరసేపు గట్లనే నిలవడి, కండ్లు మూసుకోని, ఎనుకకు తిరిగి వాణ్ని ఎత్తుకున్నది. వాడు పాలు తాగుతున్నంతసేపు వణుకుతనే ఉన్నది. కానీ దించలే. దించలేదు బిడ్డా.

ఇప్పటికి గూడ ఒక్కొక్కనాడు నల్లా కాడ ఆలిశమైతది అనుకో, మొత్తం పోయిందని ఎట్లంట... సల్లగుండు నా తల్లి. నీ మనసుల గిట్లాంటి సుడి తిరిగితె మాత్రం ఒక్కదానివే మోయకు, ఏ రాత్రి యాల్లైనా నన్ను లేపు, నేను లేస్త...