అద్దాలకు కప్పిన గుడ్డ

జడ్జిగారూ, నా పేరు మీరు పైన రాసుకున్నారు. వయసు నలభై రెండు. బట్టలు కుడతాను. ముద్దాయి నా తమ్ముడు, క్షౌరశాల నడుపుతాడు. నా మిషను దాని పక్క గదిలోనే ఉంటుంది.

సంఘటనకు ముందురోజు సాయంత్రం వాడు వచ్చి, షాపులో అద్దాలకు కప్పడానికి గుడ్డ అడిగాడు. అద్దంలో తన వెనక ఎవరో నిలబడుతున్నారన్నాడు. పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమంటాడని వీధిలో వాళ్లు నవ్వేవారు. వాడు రోకలి అడగలేదు, గుడ్డ అడిగాడు. ఇచ్చాను.

మర్నాడు ఉదయం తొమ్మిదింటికి బట్టల వ్యాపారి గడ్డం గీయించుకోవడానికి కూర్చున్నారు. సగం అయ్యాక, మొహం చూసుకుందామని ఆయన గుడ్డ లాగేశారట. ఆ మనిషి మళ్లీ వచ్చాడని తమ్ముడు వేసిన కేక విని నేను పరుగెత్తాను. అప్పటికే కత్తి తగిలి వ్యాపారి ముంజేయి తెగింది. వాడు ఆ గుడ్డతోనే ఆయన చేతికి కట్టు కడుతున్నాడు. మిగతా సగం గీస్తాను, కూర్చోమని బతిమాలుతున్నాడు. కట్టు కట్టాడు కాబట్టి మతి ఉన్నట్టేనని పోలీసువారు అంటున్నారు. కట్టు కట్టాడు, నిజమే. మిగతా సగం గీస్తానన్నది కూడా రాయండి.

పాత చట్టంలో, చేసేది తప్పని ముద్దాయికి తెలుసా లేదా అన్నదే చూసేవారట. కొత్త చట్టంలో, జబ్బు వల్ల తనను తాను ఆపుకోలేకపోయాడని తేలినా జైలుకు బదులు ఆసుపత్రికి పంపుతారని వకీలుగారు చెప్పారు. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆ వెంటనే ఆయనే ఆ ఆశ మీద నీళ్లు చల్లారు. జైల్లో ఇచ్చే మాత్రలతో వాడు కుదుటపడ్డాడు. సోమవారం జడ్జిగారి ముందు బుద్ధిగా నిలబడితే జబ్బని ఎవరు నమ్ముతారు, అంతవరకు మాత్రలు ఉమ్మేయమని చెప్పండి, మీ మాటైతే వింటాడు అన్నారు.

ఆ మాట చెప్పాలనే నిన్న జైలుకు ములాఖత్‌కు వెళ్లాను. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెబితే వాడికి మళ్లీ ఆ మనిషి కనబడతాడు. చెప్పకపోతే జైలు. నేను ఎటూ తేల్చుకోకముందే వాడే మాట్లాడాడు.

"అక్కా, ఇప్పుడు స్టీలు గ్లాసులో మొహం చూసుకుంటే నేనొక్కడినే కనబడుతున్నాను," అని వాడు నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "కోర్టులో బాగుండాలా, బాగోకుండా ఉండాలా?"

"బాగానే ఉండరా," అన్నాను.

సోమవారం వాడు అన్నిటికీ తిన్నగా జవాబు చెబుతాడు. అది మాత్రల గుణం. గుడ్డ అడిగిన రోజు వాడు మీ ముందు నిలబడలేదు, నా ముందు నిలబడ్డాడు. బాగున్నాడని వాడిని జైలుకు పంపకండి.

రాసింది చదివి వినిపించారు. నేను చెప్పింది చెప్పినట్టే ఉంది, కల్పించింది ఏదీ లేదు. సంతకం నాదిలా రాలేదు. అందుకని పక్కన వేలిముద్ర కూడా వేశాను.

(సంతకం, ఎడమ బొటనవేలి ముద్ర)
ముద్దాయి అక్క