తెర మీది రెండు చుక్కలు

టెలిస్కోపు గదిలో లైట్లు ఆర్పేశారు. రెండు అద్దాల నుంచి వచ్చే రెండు కిరణాలు తెల్లటి తెర మీద ఒకే చుక్కగా కలవాలి. అద్దాన్ని కదిపే మర దగ్గర బావ కూర్చున్నాడు, తెర పక్కన మరదలు నిలబడింది.

"ఇంకా కలవలేదు. వారం నుంచీ ఈ అద్దం నా ప్రాణం తీస్తోంది."

"మర తిప్పకు బావా. కలిసే ఉన్నాయి."

"నీ మొహం. పక్కపక్కనే రెండు చుక్కలు కనబడుతుంటే."

"నాకు ఒకటే కనబడుతోంది. రోజూ నువ్వు తిప్పి వెళ్లాక, నేను మళ్లీ సరిచేస్తున్నాను."

"ఆ మాట ఇన్నాళ్లూ చెప్పవేం?"

"నీకెలా చెప్పను? ఈ పని నాకు నేర్పిందే నువ్వు. సరే, ఒక కిరణానికి అట్ట అడ్డం పెడుతున్నా. ఇప్పుడు ఎన్ని?"

"రెండే. నువ్వు అట్ట సరిగ్గా పెట్టలేదు."

"వచ్చి చూసుకో."

అతను లేచి వెళ్లి అట్టను చేత్తో తడిమాడు. సరిగ్గానే ఉంది.

"ఎన్నాళ్ల నుంచి బావా?"

"అద్దం వదులైందనుకున్నాను."

"నేనడిగింది అద్దం గురించి కాదు."

"ఒక కన్ను మూసుకుంటే ఒకటే కనబడుతుందిలే. మీ అక్కకి చెప్పకు, ఊరికే కంగారు పడుతుంది."

"చెప్పను. రేపు పొద్దున పిల్లల్ని బండి మీద బడికి తీసుకెళ్లేటప్పుడు ఏ కన్ను మూసుకుంటావో, అది చెప్పు."