రెండు దోసిళ్ల డీఏపీ

బొగ్గుగనిలో ఫస్టు షిఫ్టు దిగి వచ్చి, గట్టయ్య ఇంకా చెప్పులైనా విడవలేదు. ఎవడి మొహం ఇవాళ చూడొద్దనుకున్నాడో ఆ పక్క క్వార్టరు కొమురెల్లే పెరటి గోడకు ఆనుకొని నిలబడి ఉన్నాడు, చేతిలో వాడిపోయిన టమాట చెట్టుతో.

"నువ్వే చూసి చెప్పన్నా. ఒక్క చెట్టు గాదు, ఆరుకు ఆరు గిట్లనే అయినయి."

"ఎండకు వాడినయి పో. రామగుండం ఎండకు మనుషులే నిలవడ్తలేరు, టమాట ఎంత."

"నీయి వాడలే గద."

"నాయి మందు తిన్న చెట్లు. బలమున్నది."

"బలమైతే ఉన్నది. కాయనే లేదు."

"ఏమన్నవ్?"

"ఏం లేదన్నా. ఆకు మీద ఆకు, మంచిగున్నయి అంటున్న."

"ఎటకారమా?"

"ఎటకారం ఎందుకే. మూడు దినాల కిందటి దాక గంపలు గంపలు కాసినయి. ఇప్పుడు చూడు, అంచులు మాడి ముడుసుకపోయినయి. నాకు నిద్ర పడ్తలేదు."

"గంపలు అని నువ్వు చెప్పుకోనక్కర్లే. ఈ లైన్ల ఎవల నోట్లె చూసినా నీ టమాట ముచ్చటనే. క్యాంటీన్ల అదే, బాయిల దిగేటందుకు దీపాలు తీసుకునే కాడ అదే. 'గట్టన్నా, మీ పక్కింటోని టమాట చూసినవా?' చూసిన. రోజూ చూస్తున్న. మా ఇంట్ల రోట్లె అదే, కంచంల అదే."

"వదిన నూరిన తొక్కు మాకూ పంపింది. మస్తున్నది."

"పంపుతది. ఎందుకు పంపది. పొద్దుగాల లేస్తే చెంబు పట్టుకొని మీ పెరట్లనే ఉంటది. నాతోని దినానికి నాలుగు మాటలు మాట్లాడది, నీ చెట్ల కాడ గంట నిలవడ్తది."

"అన్నా, గదేం మాట."

"ఉన్న మాటనే."

"నా మీద అనుమానమా?"

"నీ మీద కాదురా. నీ మీదైతే కాలర్ పట్టుకొని అడుగుదు. చెట్టుకు కాలర్ ఏడుంటది?"

"వదిన ఇయ్యాలనే వస్తదా?"

"కాసిపేటల చెల్లెలింటికి పోయి నాలుగు దినాలాయె. సాయంత్రం బస్సుకు వస్తది. ఆమెతోని నీకేం పని?"

"ఊకనే అడిగిన."

"ఊకనే ఎందుకడుగుతవ్? పోత, తానానికి నీళ్లు కాగవెట్టుకోవాలె."

"ఆగే. మా సంతోషి అగ్రికల్చర్ చదువుతున్నది గద. నిన్న వచ్చి ఒక చెట్టు పీకి, వేర్లు కాలేజీకి పట్టుకపోయింది. పొద్దుగాల ఫోన్ చేసింది."

"ఏమన్నది?"

"వేరుకు మంచి బూజు ఒకటుంటదట. కంటికి ఆనది, మైక్రోస్కోపుల చూస్తే సన్నటి దారాల లెక్కుంటదట. చెట్టు దానికి తిననీకె ఇంత తీపి పెడ్తది. అది దూరం దూరంకెల్లి నీళ్లు, భాస్వరం తెచ్చి చెట్టుకిస్తది. ఎండకాలంల గూడ గంత కాసిందంటే దాని పుణ్యమేనట."

"బూజు నీళ్లు మోస్తదా? నీ బిడ్డ నీకు కథలు చెప్తున్నది."

"నేనూ అట్లనే అన్న. ఇంకా ఇను. డీఏపీ కుప్పపోస్తే భాస్వరం చెట్టుకు ఊకనే దొరుకుతది. ఇగ బూజుకు తిండి పెట్టుడు బంద్ చేస్తదట. బూజు సచ్చుబడ్తది. మందు మరీ ఎక్కువైతే, దాని ఉప్పుకు వేరే మాడుతదట."

"యూరియా ఫ్యాక్టరీ గొట్టం చూసుకుంట పెరిగినోన్ని, నాకు మందు సంగతి చెప్తవా? మందేస్తే చెట్టు బతుకుతది గని చావది."

"చెట్టు మొదలు కాడ మట్టి తీస్తే బూడిద రంగు గోలీలు దొరికినయే. అప్పటిదాక తెల్వక నేను వాటి మీదనే నీళ్లు పోసిన."

"పాత మందు ఉంటది. నువ్వే ఎప్పుడో ఏసి మర్చినవ్."

"ఈ మట్టి మందు మొహమే చూడలే."

"గాలికొచ్చి పడ్డదేమో."

"గోలీలు గాలికొస్తయా అన్నా?"

"వస్తయో రావో నాకేం తెల్సు. అయినా చెట్టుకు రెండు దోసిళ్లు ఏస్తేనే చస్తదా?"

"మల్లొకసారి అనన్నా."

"ఏందిరా, గట్ల చూస్తున్నవ్?"

"రెండు దోసిళ్లని నేను అన్ననా?"

"మాటకన్న."

"అన్నా."

"మాటకన్ననంటున్న గద."

"నా దిక్కు చూసి చెప్పు."

"ఏసిన. పో. ఏసిన. మూడు దినాల కింద, మీరు లేవకముందు, డ్యూటీకి పోయేటప్పుడు గోడ దుంకి వచ్చి ఏసిన. మీద మట్టి గూడ కప్పిన."

"ఎందుకే?"

"కుళ్లుకున్నరా. ముప్పై ఏండ్ల సంది తెచ్చి పెడ్తున్న, నేను తెచ్చింది ఏది తిని గూడ ఆమె మొహంల గంత సంబురం చూడలే. ఊరికి పోయే ముందటి దినం నీ చెట్టుది ఒకటి తెంపి, కొంగుతోని తుడిచి పచ్చిదే కొరికింది. కండ్లు మూసుకొని నవ్వింది. నేను ఈ గోడ కాడనే నిలవడి చూసిన."

"గందుకా?"

"గందుకే. తప్పయింది. ఇప్పుడే బండి తీస్త. మంచిర్యాల నర్సరీకెళ్లి నారు తెస్త, నేనే నాటుత, నేనే నీళ్లు పోస్త. మీ వదినకు మాత్రం చెప్పకు."

"చెప్పకుంట ఎట్లనే."

"చెట్లు నీయి. నువ్వు మాఫ్ చేస్తే అయిపాయె. నడుమ ఆమెకేం సంబంధం?"

"నాయి కాదన్నా."

"మరెవలియి?"

"వదినయి."

"ఏంది?"

"మీ అత్త పోశవ్వ పోయినంక, వాళ్ల ఊరు ఓపెన్‌కాస్టు బొగ్గుగని కింద పాయె గద. ఇల్లు ఖాళీ చేసిన్నాడు వదిన వాళ్లవ్వ పెరట్ల మట్టి నాలుగు సంచులు నింపుకున్నది. చిన్న మట్టి గురిగిల ఇత్తనం గూడ ఉండె. ఆటోల తెచ్చి మా పెరట్ల దించింది. ఆ బూజు ఆ మట్టితోనే వచ్చిందంటది సంతోషి. మల్ల పోయి తెద్దామంటే, ఆ ఊరున్న కాడ ఇప్పుడు బొంద ఉన్నది."

"మన పెరడు లేదా? నాకెందుకు చెప్పలే?"

"నేనూ గదే అడిగిన. 'మీ అన్న చెయ్యి ఊకుండది. మా పెరట్ల పోస్తే మా అవ్వ మట్టిల తెల్లారేసరికి మందు కలుపుతడు. నీయే అని చెప్పు, కొమురెల్లీ' అన్నది."

"నీయి అనుకుంటే ఏయననుకున్నదా?"

"'ఎన్ని గుణాలున్నా, పరాయోళ్ల చెట్టు మీద చెయ్యెయ్యడు మీ అన్న' అన్నది."