మెట్లు లేని తోవ

డిండోలి పక్కనున్న నగరవనంలో ఆదివారం పొద్దున. తల్లి పోయి నెల. చుట్టాల మధ్య మింగిన కోపాన్నంతా మూటగట్టుకుని, సాంచల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసే తండ్రి సోమలింగాన్ని నీరజ ఇక్కడికి లాక్కొచ్చింది.

"మెట్లు లేవు, ఎత్తులు లేవు. చక్రాల కుర్చీ గూడ పోతది ఈ తోవల. అమ్మ మోకాళ్లకు మంచిగుంటదని ఎన్నిసార్లు చెప్పిన బాపూ? ఒక్క ఆదివారమన్న తోల్కొచ్చినవా?"

"ఆదివారం గూడ సాంచలు నడుస్తయి బిడ్డా."

"బస్! ఎప్పుడు చూడు సాంచలు, సాంచలు!"

"ముప్పై ఏండ్లు గా సాంచలు నడిపితేనే నువ్వు సదివినవ్!"

"అరవకు. అందరు చూస్తుండ్రు."

"సాంచలకాడి గొంతు, గిట్లనే ఉంటది. నువ్వు గా చెట్ల దిక్కు చూసుకుంట గునుగుడు బంజెయ్. అనేదేందో నా మొహం చూసి అను."

"అంట. అమ్మ వంటింట్ల పడ్డనాడు నువ్వు యాడున్నవ్?"

"గడపల కూసున్న. వందసార్లు జెప్పిన."

"మూడుసార్లు పిలిచిందట నిన్ను. పైనింట్ల నర్సవ్వకు ఇనబడ్డది."

"పిలువలే."

"నర్సవ్వ ఉరికొచ్చేదాంక బీడీ తాగుకుంట కూసున్నవట!"

"పిలువలేదంటున్న గదా! పిలిస్తె లేవనా? నా పెండ్లాం అది!"

"ఝూట్! లేవబుద్ధి కాలే నీకు."

"నీరజా!"

"నడువు. ముందట నడువు. నీ మొహం చూడబుద్ధయితలేదు."

"పోతున్న తియ్."

"పో, అట్లనే పో. అమ్మకు గూడ గిట్లనే వీపు చూపించినవ్. డాక్టరేమన్నడో ఎరికేనా? పావుగంట ముందు తెస్తె బతికేదట. ఇంటున్నవా? ఒక్క మాటకన్న జవాబియ్యవా?"

"బాపూ, ఎనుక ఎవరిదో చక్రాల కుర్చీ వస్తుంది. జర పక్కకు జరుగు."

"బాపూ, గంట గొడ్తుండ్రు. ఇంత దగ్గర గొడ్తుంటె ఇనబడ్తలేదా?"

"బాపూ!"

"...బాపూ?"

"అరె, ఈ కుర్చీ ఎప్పుడొచ్చింది? మాఫ్ కర్నా భాయ్, జావో జావో. నువ్వేంది బిడ్డా, ఏడ్సుకుంట గాడ్నే నిలవడ్డవ్? ఒక్కపారి పిలిస్తె ఆగకపోదునా?"