ఆవలింతల నిర్మాత

హలో… ఆ మావయ్యా, నేనే. గట్టిగా మాట్లాడలేను. ప్రొడ్యూసర్ గారి ఆఫీసు మెట్ల మీద కూర్చున్నా…

ఆ, కథ చెప్పడం అయిపోయింది…

ఎలా జరిగిందా? నీ ఆత్మకథ పుణ్యమా అని బ్రహ్మాండంగా జరిగింది!… వెటకారమే. నీ మేనకోడల్ని కదా.

"కథ చెప్పేటప్పుడు నిర్మాత మొహం చూడొద్దు, కాళ్లు చూడు. కాలు ఊపడం ఆపాడంటే కథలో పడ్డాడని అర్థం." నువ్వు రాసిందే కదా?… ఆ, చూశాను. కథలో హత్య దగ్గర్నించీ పక్కకి వంగి బల్ల కిందకే చూస్తున్నా. "ఏం పోయిందమ్మా, చెవి కమ్మా?" అన్నాడాయన…

నవ్వు, నవ్వు. అన్ని సినిమాలు రాసినవాడివి, బల్లలకి ముందువైపు చెక్క ఉంటుందని ఒక్క ముక్క రాయొద్దూ?

…లేదు లేదు, కథ నచ్చింది. ఇంటర్వెల్ దగ్గర ఫోన్ ఆపేసి మరీ విన్నాడు. లిఫ్టులో శవం అనగానే కుర్చీ ముందుకి లాక్కున్నాడు. చివర్లో "బాగుంది, ఎవరమ్మాయివి?" అన్నాడు. నేను గొప్పగా నీ పేరు చెప్పా…

అదే కొంప ముంచింది!

సొరుగు లాగి నీ పుస్తకం తీశాడు మావయ్యా. పేజీ మడిచి పెట్టుకున్నాడు కూడా. "ఆవలింతల నిర్మాత" అధ్యాయం… ఆ, ఆయనే! ఆయనే ఈయన!…

పేరు రాయకపోతే మాత్రం? "క్లైమాక్స్ చెబుతుంటే నోరు తెరిచాడు, అందులోంచి బస్సు వెళ్లొచ్చు" అని రాశావు. ఫీల్డులో అందరూ పోల్చేసుకున్నారట. వాళ్లావిడతో సహా…

కోపమా? ఆవలింత మీద కాదు. "ఆవలించాను, ఒప్పుకుంటా. కానీ ఆవలించి కూడా ఆ సినిమా తీశానమ్మా. మీ మావయ్యకి అదే మొదటి సినిమా. అందరూ గుమ్మంలోంచే పంపేస్తుంటే నేను కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ఆ మాట ఈ పుస్తకంలో ఏదీ?" అన్నాడు…



"చోటు సరిపోలేదు" అంటావేంటి! నీ స్కూటర్‌కి ఒక అధ్యాయం మొత్తం ఇచ్చావుగా!…

ఇప్పుడు ఆయన మాటేంటంటే, "ఆ ఇంటి పిల్ల కథ తీస్తే నా మీద ఇంకో పుస్తకం వస్తుంది. వద్దు." అంతే. నా మొదటి సినిమా నీ జోకు కింద పడి చచ్చింది…

ఏంటి? ఫోన్ ఆయనకివ్వాలా? ఇప్పుడే?… చమత్కారాలు చేయకూడదు మరి… ఒట్టు?

ఉండు, లోపలికి వెళ్తున్నా… సార్… మావయ్య లైన్లో ఉన్నారు. మీతో మాట్లాడాలట…

……

హలో… మళ్లీ నేనే. ఏం మంత్రం వేశావయ్యా? బాల్కనీలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. అద్దంలోంచి చూస్తూనే ఉన్నా. ముందు చేతులు విసిరాడు, తర్వాత గోడకి చేరగిలబడ్డాడు, ఆ తర్వాత కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు…

క్షమించమన్నావా? నువ్వు?…

సరే, మరి నా కథ?… తీస్తాడా! నిజంగా, మావయ్యా!…

ఆగాగు. "మన" కథేంటి?

నీ పేరూ వేస్తారా? నా పేరుకి పైనా?… ఇది ఆయన అన్నాడా, నువ్వన్నావా?… బాగుంది! పెద్దవాళ్లిద్దరూ రాజీపడ్డారు, ఆ సంతోషంలో నా కథ పంచేసుకున్నారు!…

తెలుసు, నీ పేరుంటే సినిమా అమ్ముడుపోతుంది… తెలుసు మావయ్యా. నువ్వంటే నాకు ప్రాణమే. అయినా కుదరదు. రాసింది నేను. రచన అన్నచోట నా పేరొక్కటే ఉండాలి…

పోతే పోనీ. ఇంకో ఆఫీసు మెట్లెక్కుతా. ఒక్కడు కుర్చీ వేసేదాకా నువ్వెక్కలేదూ?

…

ఏమన్నావ్?… ఆగు, స్పీకర్ పెడుతున్నా, ఆయన కూడా వినాలి. ఆ, ఇప్పుడు అను…

విన్నారా సార్? రచన నా ఒక్కదాని పేరేనట!…

మావయ్యా, ఉంటా మరి. సంతకానికి సార్ పెన్ను వెతుకుతున్నారు.