ఒక్కరు తక్కువ

అమలాపురం నడిబొడ్డున ఉన్న హైస్కూలు గేటు దగ్గర, మనవరాలి చెయ్యి పట్టుకుని నిలబడ్డ పెద్దాయన హెడ్మిస్ట్రెస్‌ను ఆపాడు.

"మేడంగారండీ, స్కూలు మూసేస్తారంటున్నారు. నిజమేనాండీ?"

"సాయంత్రానికి పిల్లల లెక్క పంపాలండి. ఒక్కరు తక్కువయ్యేరు. చాలకపోతే వేరే స్కూల్లో కలిపేస్తారు."

"అయ్యబాబోయ్! మా పేటలో మొట్టమొదట పదో తరగతి పాసయ్యింది మా నాన్నగారేనండి, ఇక్కడే. తుఫానొస్తే పేటంతా ఈ గదుల్లోనే తలదాచుకుంటామండి. ఎలాగైనా ఆపాలండి."

"ఆపొచ్చండి. మీ మనవరాలు ఆరో తరగతికొచ్చింది కదా?"

"ఆయ్."

"ఇప్పుడే చేర్పించండి. రిజిస్టరు తెరిచే ఉంచేను."

రోడ్డు మీద హారన్ మోగింది.

"కాన్వెంటు బస్సండి. పిల్లనెక్కించేసి వస్తాను. మీరు మాత్రం స్కూలు మూయనివ్వకండి, మేడంగారూ!"