కన్నప్పన్‌కు గుండెపోటు రాలేదు

ఇట్ల రా మోహనప్రియా, ఆ స్టూలు కాలు ఊగుతాది, మంచం మీదనే కూర్చో. మీ నాయన సంగతి అడగడానికా ఈ ఎండలో మన పిక్కిలి ఊరి దాకా వచ్చినావు? ఫోన్లో అడిగితే చెప్పేవాణ్ణి కదా. చెప్పేవాణ్ణి కాదులే. సరిగ్గా వినపడలేదని పెట్టేసేవాణ్ణి. నీకూ తెలుసు, అందుకే వచ్చినావు. నీది అంతా మీ నాయన కన్నప్పన్ బుద్ధే. వాడు నా అక్క కొడుకు, పదిహేనేండ్లకే నా వెనక సిమెంటు పనికి వచ్చినాడు, రెండేండ్లలో నాకే తప్పు చూపించినాడు. "మామా, నీ గోడ కడుపుతో ఉండాది" అన్నాడు, అందరి ముందర! తూకం గుండు వేలాడదీసి చూస్తే నిజంగానే అరంగుళం ఉబ్బింది. నేను రెండు దినాలు వాడితో మాట్లాడలే. మూడో దినం వాడే టీ తెచ్చిచ్చి, "కాన్పు అయినాదా మామా?" అన్నాడు. అట్లాంటోడు.

ఏమంటివి? ఇన్సూరెన్సా? ఆఁ, చెప్తాను. ధర్మపురిలో ఆ కల్యాణ మండపం కట్టేటప్పుడు, పద్దెనిమిదేండ్లాయె, నీకు మూడేండ్లు. కాంట్రాక్టరు ఒక దినం చొక్కా టక్ చేసుకున్న పిల్లోణ్ణి తెచ్చినాడు, ప్రైవేటు కంపెనీ వాడు. ఇసక కుప్ప మీద నిలబడి, "ఇకమీదట మీకేమైనా కంపెనీ చూసుకుంటుంది, నిమ్మళంగా పని చేసుకోండి" అన్నాడు. మీ నాయన ఊరుకుంటాడా? "సార్, దాంట్లో మా పేర్లు రాసుకున్నారా?" అని అడిగినాడు. వాడు నవ్వి, "పేర్లు ఎందుకన్నా, నలభై తలలు అని రాసినాము" అన్నాడు. తలలంట. గొర్రెల మందకి రాసినట్ల. సర్కారు కార్డు వేరే ఉండె, కట్టడ కూలీలకి ఇస్తారే, అది. మీ అమ్మ దాన్ని ట్రంకు పెట్టె అడుగున భద్రంగా పెట్టుకున్నాది. ఈ పక్క సర్కారు, ఆ పక్క కంపెనీ, మనకేమి అని అందరమూ ధైర్యంగా ఉన్నాము.

ఆ దినం... నీళ్ళు తాగు, ముందు తాగు. శుక్రవారం. మూడో అంతస్తు, బయట గోడ పూత. గోడ పక్కన వెదుర్లు కట్టి ఎక్కుతామే, సారం, దాని మీద నిలబడి వాడు పూస్తాండాడు. మీ అమ్మ పొన్ని సిమెంటు చట్టి మోసి అందిస్తాండాది. వెదురు జారినాది. చప్పుడు పెద్దగా లేదు పాపా, మూట పడినట్ల, అంతే. నేను పోయేలోగా పొన్ని వాడి తల ఒళ్ళో పెట్టుకోని ఉండాది, రెండు చేతులకీ సిమెంటు. ఆటో వచ్చేలోగానే అయిపోయినాడు.

కాంట్రాక్టరు వచ్చినాడు. నన్ను పక్కకి పిలిచి, "తిమ్మరాయ మేస్త్రీ, పోలీసు వస్తే పోస్టుమార్టం అంటారు, కోస్తారు. మీ ఇండ్లలో ఒప్పుకుంటారా?" అన్నాడు. మన ఇండ్లలో ఒప్పుకోరు. కోసిన దేహాన్ని పెద్దోళ్ళ వరుసలో పూడ్చరు, ఎక్కడో కాల్చేస్తారు. సమాధి లేకుంటే అమాసకి కూడు పెట్టే చోటు లేదు, మనిషి ఇంటోడు కాకుండా పోతాడు. పొన్ని కూడా, "కోయనీయొద్దు మామా" అని ఏడ్చె. సరే అని కాంట్రాక్టరు వ్యానులోనే ఊరికి తెచ్చినాము. అందరికీ గుండెపోటు అని చెప్పినాము, చావు కాగితంలోనూ అదే రాయించినాము. పొద్దు కుంకేలోగా పూడ్చినాము, కుడి చేతిలో తాపీ పెట్టి.

నెల పోయినాక పొన్నిని పిలుచుకోని కంపెనీ ఆఫీసుకి పోయినాను. గాజు తలుపు. పాపం, అడ్డం ఏమీ లేదనుకోని పోయి దానికి నుదురు కొట్టుకున్నాది. కూర్చోబెట్టినారు, మర్యాదగానే మాట్లాడినారు. "ప్రమాదం అయితే ఇస్తామమ్మా. పోలీసు కాగితం, పోస్టుమార్టం కాగితం తెండి. గుండెపోటు మా పాలసీలోకి రాదు." ఆడనుంచి సర్కారు ఆఫీసు. ఆడ ఏసీ లేదు, మాట మాత్రం అదే. "మామూలు చావు కింద కొంచెం వస్తుంది, తీసుకోండి." మనిషి చచ్చినాడని ఎవరూ కాదనలే. ఎట్ల చచ్చినాడో చూపించమన్నారు, అది చూపించాల్సింది చచ్చినోని పెండ్లాం. నువ్వు మీటింగుల్లో మైకు పట్టుకోని అరుస్తావంట కదా, లాభం వాళ్ళకి నష్టం మనకి అని. అరిస్తే తప్పు లేదు. ఆ పాలసీకి కట్టిన దుడ్డు కూడా కాంట్రాక్టరు మా కూలిలోనే పట్టుకున్నాడని తరవాత తెలిసె. కాగితం లేదని కంపెనీ తన బరువు దించుకునె, కాగితం లేదని సర్కారు దించుకునె, కాంట్రాక్టరు ఏ కాగితమూ అడగకుండానే దించుకున్నాడు. ఆ బరువంతా పొన్ని తలమీది చట్టిలో పడె. వాడి పదకొండో దినం అయిన మర్నాడే అదే మండపానికి పోయి, వాడు సగం పూసిన గోడకే సిమెంటు మోసినాది. తక్కిన సగం నేను పూసినాను. దాంట్లో ఈ పొద్దు కూడా పెండ్లిండ్లు అవుతాండాయి.

ఏమంటివి? మన ఆచారమే మనల్ని ముంచె అంటావా? అట్లనే అనుకో. అట్ల అనుకుంటే నాకూ మంచిదే.

లేదు పాపా. విను. దానికి నాలుగేండ్ల ముందర మా చిన్నాయన లారీ కింద పడినాడు. పోలీసోళ్ళు కోయించినారు. ఊరి పెద్దలు గుట్టుగా కూర్చోని మాట్లాడి, పసుపు నీళ్ళు పోసి వరుసలోనే పూడ్చినారు. గుంత తవ్వింది నేనే. దారి ఉండాదని నాకు తెలుసు. అప్పటికి పొన్ని ఇంకా మన ఇంటికి కోడలుగా రాలే, ఆ దినం ఆడ ఉన్నోళ్ళలో నాకు ఒక్కడికే తెలుసు. పొన్నికి చెప్పలే. ఎందుకంటే ఆ సారం కట్టింది నేను. పాత తాడు. కొత్తది కావాలని అడిగితే, "ఈ గోడ కానీ మేస్త్రీ" అన్నాడు కాంట్రాక్టరు. మళ్ళీ అడగలే. పోలీసు వస్తే ముందు తాడు చూస్తాడు, ఎవరు కట్టిందని అడుగుతాడు. నాకు ఆ భయం ఉండాదని కాంట్రాక్టరుకి తెలుసు, అందుకే నన్నే పక్కకి పిలిచినాడు.

మీ అమ్మ ఇన్నేండ్లుగా నా దగ్గరికి వచ్చి, "నేనే కదా మామా కోయొద్దంటిని, నా బిడ్డ నోట్లో నేనే మన్ను కొట్టినాను" అని ఏడుస్తాది. నేను ఈ మంచం మీదనే కూర్చోని, "పోనీలేమ్మా, తెలియక అంటివి" అని ఓదారుస్తాను. ఓదారుస్తాను, తెలిసిందా?

చెప్పులు వేసుకుంటాండావా? ఆగు, నేనూ వస్తాను. ఈ మాట మీ అమ్మకి నేనే చెప్పాల.

మీ అమ్మ పని వదిలి ఎన్నింటికి వస్తాది? ఐదున్నరకా? మనకి ఇప్పుడు బస్సు ఏముండాది, చూడు.